లంచ్‌కి ఫ్రాన్స్ వెళ్లొద్దామా? మైక్రోలైట్‌తో సరిహద్దు దాటాలంటే
(యూకేలోని తెలుగు కుటుంబాల వారాంతపు సభలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. పోయినసారి ఇదే హాల్లో కలిసినప్పుడు ఒక బాబాయిగారు నన్ను పక్కకి పిలిచి, "ఏమయ్యా, నీకు విమానం ఉందట కదా, ఇండియా వెళ్లేటప్పుడు టికెట్ ఖర్చు తప్పినట్టేనా?" అని అడిగారు. (నవ్వులు) ఆ ప్రశ్నకి జవాబు చెప్పడానికే ఇవాళ మైకు తీసుకున్నాను.

నవ్వకండి. ఆ పని చేసినాయన ఉన్నారు. విజయపత్ సింఘానియా 1988లో మైక్రోలైట్‌లో లండన్ నుంచి అహ్మదాబాద్‌కి 23 రోజుల్లో వెళ్లారు. పదేళ్ల తర్వాత, 1998లో, బ్రియాన్ మిల్టన్ అనే బ్రిటిష్ ఆయన 120 రోజుల్లో మొత్తం భూగోళాన్నే చుట్టొచ్చారు. 2007లో మన వైమానిక దళం వింగ్ కమాండర్లు రాహుల్ మోంగా, అనిల్ కుమార్ ఆ పనినే 80 రోజుల్లో ముగించారు. కాబట్టి బాబాయిగారూ, వెళ్లొచ్చు. కానీ టికెట్ కొనుక్కోవడమే చవక. మీరు నా పక్కన కూర్చోవాలంటే ముందు మీ బరువు చెప్పాలి, అది వేరే సంగతి.

అసలు మైక్రోలైట్ అంటే ఏమిటి? బరువు తక్కువ, వేగం తక్కువ, ఒకరో ఇద్దరో కూర్చునే విమానం. కొన్నిటికి పైన గుడ్డ రెక్క, కింద మూడు చక్రాల బండిలాంటిది వేలాడుతుంటుంది. వాటిని ఫ్లెక్స్‌వింగ్ అంటాం. కొన్ని మామూలు చిన్న విమానంలాగే ఉంటాయి. నాది రెండో రకం. నాది అంటే, ఆరుగురం కలిసి కొన్నది. ఆదివారం వాతావరణం బాగుంటే ఎవరి వంతు అని ఆరుగురం వాట్సాప్‌లో కొట్టుకుంటాం.

ఇందులో ముఖ్యమైన మాట బరువు. బ్రిటన్‌లో చాలాకాలం రెండు సీట్ల మైక్రోలైట్ గరిష్ఠ బరువు 450 కిలోలు. 2021లో దాన్ని 600 కిలోలకి పెంచారు. అలాగని పాత విమానం రాత్రికి రాత్రే 600 కిలోలు మోయదు. దాని డిజైన్‌కి ఎంత ఆమోదం ఉందో అంతే. మా విమానం ఇంకా 450 దగ్గరే ఉంది.

బరువు తక్కువ కాబట్టి, పడితే ఇతరులకి జరిగే నష్టం కూడా తక్కువని ప్రభుత్వం కొన్ని మినహాయింపులు ఇచ్చింది. మామూలు ప్రైవేట్ పైలట్ లైసెన్సుకి కనీసం 45 గంటల శిక్షణ కావాలి. మా లైసెన్సు పేరు ఎన్‌పీపీఎల్, అంటే నేషనల్ ప్రైవేట్ పైలట్ లైసెన్స్. మైక్రోలైట్ రేటింగ్‌కి కనీసం 25 గంటలు చాలు, అందులో 10 గంటలు ఒంటరిగా ఎగరాలి. ఇంకా తక్కువతో, 15 గంటలతోనే పరిమిత లైసెన్సు తీసుకోవచ్చు. అప్పుడు బయల్దేరిన చోటు నుంచి 8 నాటికల్ మైళ్లు, అంటే దాదాపు 15 కిలోమీటర్లు దాటకూడదు, పక్కన ఎవరినీ ఎక్కించుకోకూడదు. చాలామందికి మెడికల్ అంటే ప్రత్యేక వైద్యుడి దగ్గరికి వెళ్లకుండానే మనమే ఇచ్చే ఆరోగ్య డిక్లరేషన్. విమానానికి కూడా పూర్తి ఎయిర్‌వర్దీనెస్ సర్టిఫికెట్, అంటే ఎగరడానికి తగినదనే పత్రం ఉండదు. పర్మిట్ టు ఫ్లై అనే కాగితం ఉంటుంది. దాన్ని ఏటేటా తనిఖీ చేయించుకోవాలి.

ఈ చవకంతా ఇంట్లో వరకే. లైసెన్సు పేరులోనే 'నేషనల్' అని ఉంది కదా. నేను పరీక్షలన్నీ పాసయ్యాను, కార్డు చేతికొచ్చింది, కానీ ఆ ఒక్క పదాన్ని ఏడాదిపాటు సరిగ్గా చదవలేదు. ఒక శనివారం క్లబ్‌లో టీ తాగుతూ, "వచ్చే నెల లె టూకే వెళ్లి భోంచేసొస్తాను" అన్నాను. లె టూకే అంటే ఫ్రాన్స్ తీరంలో ఉన్న ఊరు. ఇంగ్లండ్ దక్షిణం నుంచి వెళ్లే చిన్న విమానాలవాళ్లకి అది మన సూర్యాపేట బస్సు హాల్టు లాంటిది. నా ఇన్‌స్ట్రక్టర్ కప్పు కింద పెట్టి, "ఏ కాగితాలతో?" అన్నాడు.

ఇక్కడ కాస్త వెనక్కి వెళ్దాం. 1944 డిసెంబరులో షికాగోలో చాలా దేశాలు కూర్చుని పౌర విమానయానం మీద ఒక ఒప్పందం రాసుకున్నాయి. మన దేశం కూడా సంతకం చేసింది. దాన్నే షికాగో కన్వెన్షన్ అంటారు. అందులో 33వ ఆర్టికల్ ఏం చెబుతుందంటే: ఒక దేశం ఇచ్చిన లైసెన్సు, ఎయిర్‌వర్దీనెస్ సర్టిఫికెట్ అంతర్జాతీయంగా ఒప్పుకున్న కనీస ప్రమాణాలకి తగ్గట్టు ఉంటే మిగతా దేశాలు వాటిని గుర్తించాలి. మీరెక్కే ఎయిర్ ఇండియా పైలట్ హీత్రోలో దిగి మళ్లీ పరీక్ష రాయకపోవడానికి కారణం ఇదే.

ఆ ప్రమాణాల కంటే తక్కువగా ఉంటే? దానికి 39, 40 ఆర్టికల్స్ ఉన్నాయి. తక్కువ ఉన్న సంగతి ఆ కాగితం మీదే రాయాలి. అలా రాసిన కాగితంతో వేరే దేశంలోకి వెళ్లాలంటే ఆ దేశం అనుమతి ఉండాలి. మినహాయింపు కోసం తీసుకున్న 25 గంటలు, సొంత డిక్లరేషన్, పర్మిట్ టు ఫ్లై, ఇవన్నీ ఈ 'తక్కువ' కిందికే వస్తాయి. ఇంట్లో మనకి సుఖంగా ఉన్నవే గడప దాటగానే అడ్డం తిరుగుతాయి. అందుకని మైక్రోలైట్ పైలట్ విదేశంలో హక్కుదారు కాదు, చుట్టం. పిలిచినవాళ్లింటికే వెళ్లాలి, వాళ్లు చెప్పినన్ని రోజులే ఉండాలి.

అమెరికాలో ఉన్న మన పిల్లలకీ ఇదే వర్తిస్తుంది. అక్కడి స్పోర్ట్ పైలట్ సర్టిఫికెట్ మీద, ఇతను ఐకావో (అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ) ప్రమాణాలకి సరిపోడు అని ముద్రే ఉంటుంది. ముందస్తు అనుమతి లేకుండా అమెరికా బయట దాంతో ఎగరకూడదని నియమం. అక్కడే ఇంకో వింత. పార్ట్ 103 అనే నియమం కింద ఒక్క సీటు, ఖాళీ బరువు 254 పౌండ్ల లోపు, అంటే దాదాపు 115 కిలోలు, ఇంధనం 5 గ్యాలన్లు మించకుండా ఉంటే దానికి లైసెన్సే అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ కూడా అక్కర్లేదు. పొలంలో ఎగరేసుకో అన్నారు. దాన్ని కెనడా సరిహద్దు దాకా తీసుకెళ్తే చూపించడానికి కాగితమే లేదు.

"యూరప్ అంతా ఒకటే రూలు కదా?" అంటారు. పెద్ద విమానాలకి అవును. మైక్రోలైట్లని మాత్రం ఆ ఉమ్మడి చట్టం బయటే వదిలేసి, ఏ దేశానికి ఆ దేశం చూసుకోమంది. ఇక ఎవరి వంట వాళ్లది. ఫ్రాన్స్‌లో ఈ విమానాల్ని యూఎల్ఎం అంటారు. అక్కడ మోటారు పారాచూట్ దగ్గర్నుంచి బుల్లి హెలికాప్టర్ దాకా ఆరు తరగతులు చేశారు. బ్రెవే అనే అక్కడి పైలట్ లైసెన్సుకి ఇన్ని గంటలని గట్టి లెక్క లేదు, ఇన్‌స్ట్రక్టర్ సరేననాలి. పక్కన మనిషిని ఎక్కించుకోవడానికి మాత్రం విడిగా అనుమతి ఉండాలి. జర్మనీలో ఇంకోలా ఉంటుంది. అక్కడి మామూలు అల్ట్రాలైట్‌కి విమానం మొత్తాన్నీ కిందికి దించే రాకెట్ పారాచూట్ తప్పనిసరి. బ్రిటన్‌లో అది మన ఇష్టం. ఎవరు గొప్ప అని నన్నడగొద్దు. నాకు మాత్రం జర్మన్లదే సరైన పద్ధతి అనిపిస్తుంది. కానీ ఆ పారాచూట్ బరువెంతో చూశాక నోరు మూసుకుంటాను.

కాబట్టి మొదటి పని: వెళ్లాలనుకున్న దేశం ప్రచురించే ఏఐపీ అనే విమానయాన సమాచార పుస్తకం తెరవాలి. ఇప్పుడు ఆన్‌లైన్లోనే ఉంటుంది. జెన్ 1.2 అనే భాగంలో బయటి విమానాలు లోపలికి రావడానికి షరతులు ఉంటాయి. ఇక్కడి, అంటే బ్రిటన్ మైక్రోలైట్ సంఘం బీఎంఏఏని కూడా అడగాలి. ఈ అనుమతుల షరతులు మారుతూ ఉంటాయి, అందుకే పోయినేడాది వెళ్లొచ్చిన మిత్రుడి మాట మీద బయల్దేరకండి. నేను ప్రతిసారీ ఆ పేజీ ప్రింట్ తీసి, తేదీ వేసి, ఫోల్డర్లో పెడతాను.

ఆ ఫోల్డర్ గురించి చెప్తాను. విమానం రిజిస్ట్రేషన్ పత్రం, పర్మిట్ టు ఫ్లై, నా లైసెన్సు, ఇన్సూరెన్స్. యూరప్ నియమం ప్రకారం 500 కిలోల లోపు విమానానికి కూడా థర్డ్ పార్టీ బీమా కనీసం 7.5 లక్షల ఎస్‌డీఆర్‌లు ఉండాలి. ఎస్‌డీఆర్ అంటే అంతర్జాతీయ ద్రవ్యనిధి లెక్క. పాలసీలో ఫ్రాన్స్ పేరు ఉందా లేదా చూసుకోవాలి, చాలామంది చూడరు. రేడియో ఉంటే విమానానికి ఒక రేడియో లైసెన్సు, నాకు ఒక రేడియో లైసెన్సు. ఇవి రెండూ వేర్వేరు. ఇంకో కార్డు కూడా ఉంటుంది, మా అబ్బాయికి అదంటే భలే ఇష్టం. యుద్ధ విమానం వచ్చి అడ్డగిస్తే ఏం చేయాలో దాని మీద ఉంటుంది. వాడు పక్కకొచ్చి రెక్కలు ఊపుతాడు, మనమూ రెక్కలు ఊపి వెంట వెళ్లాలి, రేడియోలో 121.5 అనే అత్యవసర ఫ్రీక్వెన్సీ మీద మాట్లాడాలి. నిషేధిత ప్రాంతంలోకి పొరపాటున వెళ్తే అక్కరకొస్తుంది. ఇంతవరకు నాకు అవసరం పడలేదు, పడకూడదనే కోరిక.

రేడియో అనగానే గుర్తొచ్చింది. 2018 నుంచి యూరప్‌లో ఛానెళ్ల మధ్య దూరం 8.33 కిలోహెర్ట్జ్. పాత 25 కిలోహెర్ట్జ్ సెట్టుతో వెళ్తే చాలాచోట్ల ఎవరితోనూ మాట్లాడలేరు. సరే, కొత్త సెట్టు కొన్నాం. ఫ్రాన్స్‌లో కొన్ని చిన్న ఎయిర్‌ఫీల్డుల చార్టు మీద 'ఫ్రెంచ్ మాత్రమే' అని ఉంటుంది. అక్కడ రేడియోలో ఇంగ్లిష్ కుదరదు, ఫ్రెంచ్ రాకపోతే దిగకూడదు. ఇంగ్లిష్ ఉంటే ప్రపంచమంతా తిరగొచ్చని మా నాన్నగారు రాజమండ్రిలో ట్యూషన్ పెట్టించారు. (నవ్వులు) అందుకే నేను లె టూకే, కలే లాంటి చోట్లకే వెళ్తాను. బ్రెగ్జిట్ తర్వాత ఎలాగూ ముందు కస్టమ్స్, ఇమిగ్రేషన్ ఉన్న ఎయిర్‌పోర్టులోనే దిగాలి. వస్తున్నామని ముందే చెప్పాలి కూడా.

ఇక నీళ్ల సంగతి. దీని మీద కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను, ఏమీ అనుకోకండి.

ఇంగ్లండ్‌కీ ఫ్రాన్స్‌కీ మధ్య ఉన్న సముద్రమే ఇంగ్లిష్ ఛానెల్. ఇంగ్లండ్ ఒడ్డున డోవర్ దగ్గర దాని వెడల్పు దాదాపు 34 కిలోమీటర్లు. 1909 జులై 25న లూయీ బ్లేరియో 25 హార్స్‌పవర్ ఇంజినుతో, దిక్సూచి కూడా లేకుండా, కలే వైపు నుంచి దాటి డోవర్ కోట పక్కన దిగాడు. దాదాపు 37 నిమిషాలు పట్టింది. బరువు చూస్తే ఆ విమానం ఈనాటి మైక్రోలైటే. ఆయన్ని ఎవరూ పర్మిట్ అడగలేదు.

ఇప్పుడు నా లెక్క. ఇంజిన్ ఆగితే మా విమానం ఒక కిలోమీటరు ఎత్తు నుంచి 8 కిలోమీటర్లు జారుతుందని వేసుకుంటాను. తయారీదారు ఇంకా ఎక్కువే చెబుతాడు, అది కొత్త విమానానికి, గాలి లేని రోజుకి. 5000 అడుగులంటే ఒకటిన్నర కిలోమీటరు, అంటే 12 కిలోమీటర్లు. ఇటు 12, అటు 12 పోగా మధ్యలో 10 కిలోమీటర్లు మిగులుతాయి. అక్కడ ఇంజిన్ ఆగితే ఏ ఒడ్డూ అందదు. మా వేగానికి అది నాలుగు నిమిషాలు. ఆ నాలుగు నిమిషాలూ ఇంజిన్ చప్పుడులో ఇంతకుముందెప్పుడూ లేని కొత్త కొత్త శబ్దాలు వినపడతాయి. క్లబ్‌లో ఎవర్ని అడిగినా ఇదే మాట.

సామాను నియమాలన్నీ ఆ నాలుగు నిమిషాల కోసమే. సింగిల్ ఇంజిన్ విమానం జారి ఒడ్డు చేరలేనంత దూరం నీటి మీదికి వెళ్తే ప్రతి మనిషికీ లైఫ్ జాకెట్ ఉండాలి. నేనేం చేశానంటే, పడవల సామాన్లు అమ్మే కొట్టుకెళ్లి మంచి ఖరీదైనది, నీళ్లు తగలగానే తనంతట తానే ఉబ్బేది కొన్నాను. ఇన్‌స్ట్రక్టర్ చూసి, "ఇది నిన్ను చంపుతుంది" అన్నాడు. విమానం నీళ్లలో తిరగబడితే కాక్‌పిట్‌లోకి నీళ్లొస్తాయి, జాకెట్ లోపలే ఉబ్బుతుంది, మనిషి పైకప్పుకి అతుక్కుపోతాడు, తలుపు దగ్గరికి రాలేడు. విమానానికి బయటికొచ్చాక మనం తాడు లాగితే ఉబ్బే జాకెట్టే కావాలి. సీటు వెనక పెట్టుకోవడం కాదు, ఒంటి మీద ఉండాలి. మా కొట్టతనికి తెలియదు, అడగాల్సింది నేను.

"గోదావరిలో ఈదినవాణ్ణి, నాకెందుకు ఇవన్నీ" అని మొదట్లో నాకూ ఉండేది. ఏప్రిల్‌లో ఛానెల్ నీళ్లు 10 డిగ్రీల దగ్గర ఉంటాయి. మీ ఫ్రిజ్‌లో నీళ్ల సీసా కంటే కాస్త నయం. అందులో పడగానే ఊపిరి మన చేతిలో ఉండదు, కాసేపటికి వేళ్లు పనిచేయవు. ఈత వచ్చినా చేతులు కదలవు. అందుకే పైన ఎండ కాస్తున్నా ఒంటికి నీళ్లు తగలనివ్వని ఇమర్షన్ సూట్ తొడుక్కుంటాం. లోపల చెమట, పైన రబ్బరు వాసన. మా ఆవిడ ఫొటో దిగనివ్వదు.

తర్వాత పీఎల్‌బీ, అంటే అరచేతిలో పట్టే బీకన్. 406 మెగాహెర్ట్జ్ మీద ఉపగ్రహానికి మన జాడ పంపుతుంది. దాన్ని మన పేరు మీద రిజిస్టర్ చేసుకోవాలి. అప్పుడే సిగ్నల్ అందగానే ఎవరిదో, ఇంట్లో ఎవరికి ఫోన్ చేయాలో వాళ్లకి తెలుస్తుంది. ఎవరైనా పాతది, 121.5 మీద మాత్రమే పనిచేసేది చవగ్గా ఇస్తామంటే తీసుకోకండి. 2009 ఫిబ్రవరి నుంచి ఉపగ్రహాలు దాన్ని వినడం మానేశాయి. ఇది కూడా బ్యాగులో కాదు, జాకెట్‌కి కట్టుకుని ఉండాలి.

ఇప్పుడు మళ్లీ బరువు దగ్గరికి రండి. మా విమానం ఖాళీ బరువు 268 కిలోలు. నేనూ మా ఆవిడా కలిపి 150. విడివిడిగా చెప్పమంటే ఇవాళ నాకు ఇంట్లో అన్నం పుట్టదు. (నవ్వులు) మొత్తం 418. 450కి ఇంకా 32 కిలోలు ఉన్నాయి. 30 లీటర్ల పెట్రోలు 22 కిలోలు తింటుంది. మిగిలిన 10 కిలోల్లో సూట్లు, జాకెట్లు, చిన్న రాఫ్ట్ (గాలి నింపే తెప్ప), విమానాన్ని కట్టేయడానికి తాళ్లు, ఫోల్డర్. ఒక రోజు అత్తయ్యగారు ఫ్రాన్స్‌లో ఉన్న బంధువులకి ఆవకాయ జాడీ పంపుతామన్నారు. ఆ జాడీకి బదులు రెండు లీటర్ల పెట్రోలు తగ్గించాలని చెప్పాను. "పెట్రోలు అక్కడ దొరుకుతుంది కదయ్యా, ఆవకాయ దొరకదు" అన్నారు. నాకిప్పటికీ జవాబు తట్టలేదు.

సరిహద్దు దాటే ప్రతి ప్రయాణానికీ ఫ్లైట్ ప్లాన్ వేయాలి, బయల్దేరడానికి కనీసం గంట ముందు. అందులో విమానం రకం అనే గడిలో మైక్రోలైట్‌కి 'యూఎల్ఏసీ' అని ఒకే కోడ్. దీనికి తోడు బ్రిటన్ సరిహద్దు వాళ్లకి గార్ అనే రిపోర్టు ఆన్‌లైన్లో పంపాలి. విమానంలో ఎవరెవరున్నారు, పాస్‌పోర్టు నంబర్లు, టైములు. బయల్దేరడానికి కనీసం రెండు గంటల ముందు, వెళ్లేటప్పుడు ఒకటి, వచ్చేటప్పుడు ఒకటి.

మనలో చాలామందికి ఇంకోటి ఉంది. బ్రిటిష్ పాస్‌పోర్టు ఉన్న క్లబ్ మిత్రులు ఉదయం ఆకాశం చూసి బయల్దేరతారు. నాది ఇండియన్ పాస్‌పోర్టు. నాకు షెంగెన్ వీసా, అంటే ఫ్రాన్స్‌తో సహా చాలా యూరప్ దేశాలకి చెల్లే వీసా కావాలి. వాతావరణం ఏ రోజు బాగుంటుందో వీసా ఆఫీసుకి రెండు నెలల ముందు ఎలా చెప్పను? మల్టిపుల్ ఎంట్రీ వచ్చేదాకా ఆగాను. మొదటిసారి వీసాకి వెళ్లినప్పుడు ఏ వాహనంలో వస్తారు అన్న ప్రశ్నకి సొంత విమానం అని చెప్తే, కౌంటర్లో అమ్మాయి నా చొక్కా వైపు ఒకసారి, నా ముఖం వైపు ఒకసారి చూసింది.

చివరిగా ఒక్క విషయం. తిరిగొచ్చేటప్పుడు కంట్రోల్ టవర్ లేని గడ్డి రన్‌వే మీద దిగుతాను. అలాంటప్పుడు ఇక్కడ 'బాధ్యత గల వ్యక్తి' అని ఒకరిని పెట్టుకోవాలి. చెప్పిన టైముకి 30 నిమిషాలు దాటినా మనం రాకపోతే ఆ మనిషి ఏటీసీకి, అంటే విమానాల రాకపోకలు చూసే కేంద్రానికి ఫోన్ చేయాలి, వెతకడం మొదలవుతుంది. నా బాధ్యత గల వ్యక్తి మా ఆవిడే, అదిగో, మూడో వరసలో కూర్చున్నారు. ఒకసారి లె టూకేలో మబ్బు దించింది, గంటన్నర ఆగాం. ఫ్లైట్ ప్లాన్‌లో టైం మార్పించాను, గార్‌లో మార్చాను. ఇంటికి ఫోన్ చేయడం మర్చిపోయాను. సరిగ్గా 31వ నిమిషానికి ఆవిడ ఏటీసీకి ఫోన్ చేసింది. వాళ్లు చూసి, "ఇంకా బయల్దేరలేదమ్మా, అక్కడే ఉన్నారు" అన్నారట. "అయితే భోజనం బాగా నచ్చినట్టుంది" అని పెట్టేసిందట. నేను దిగాక ఇంటికొస్తే, "ఏమండీ, ఫ్రాన్స్‌లో అందరికీ చెప్పారు, నాకు తప్ప" అంది. ఇప్పుడు బయల్దేరే ముందు మొదటి ఫోన్ ఇంటికే.

బయట టీ చల్లారిపోతోందని చేతులూపుతున్నారు, ఆపేస్తాను. ఖాళీ ఫ్లైట్ ప్లాన్ ఫారాలు ఒక ఇరవై తెచ్చాను, టేబుల్ మీద ఉన్నాయి. పిల్లలు 19వ గడి చూడండి. అందులో ఎన్ని గంటల పెట్రోలు, ఎంతమంది మనుషులు, జాకెట్లు ఎలాంటివి, రాఫ్ట్ రంగేమిటి అని రాయాలి. బాబాయిగారూ, మీరు కూడా ఒకటి తీసుకోండి. మనుషుల గడిలో రెండు అని వేయండి. బరువు మాత్రం నా చెవిలో చెప్పండి.